పాత కారు డిస్ట్రిబ్యూటర్: మరమ్మత్తు, దాని వెనుకనున్న శాస్త్రము

మా కళాశాలలో భౌతికశాస్త్రం చదివే విద్యార్థులు విద్యుదయస్కాంత ప్రేరణను గురించి తప్పక చదువుతారు. మైకేల్ ఫారడే 1831లో కనుగొన్న ఆ సూత్రాన్ని పరీక్షలో తప్పు లేకుండా వ్రాసి మంచి మార్కులు తెచ్చుకునేవారు కూడ ఉన్నారు. కాని అదే సూత్రం ఒక పాత అంబాసిడర్ కారు బానెట్ క్రింద, అరచేతిలో ఇమిడే చిన్న యంత్రంలో, నిమిషానికి వేలసార్లు పనిచేస్తున్నదని చెబితే చాలామంది ఆశ్చర్యపోతారు. ఆ యంత్రమే డిస్ట్రిబ్యూటర్. దానిని విప్పి, శుభ్రపరచి, అరిగిన భాగాలు మార్చి తిరిగి బిగించే విధానాన్ని మేము ఈ వ్యాసంలో వివరింపదలచినాము. ఇందుకు మమ్ములను పురికొల్పిన సంఘటనను ముందుగా మనవి చేస్తాము.

మా మిత్రులొకరికి 1980 దశకం నాటి అంబాసిడర్ ఒకటి ఉన్నది. వారి తండ్రిగారి కాలం నుండి ఇంట్లో ఉన్న బండి కనుక అమ్మడానికి మనసొప్పక నడుపుకొంటున్నారు. ఆ బండికి ఒక విచిత్రమైన జబ్బు పట్టింది. మార్కాపురం నుండి కంభం మీదుగా గిద్దలూరు వరకు చక్కని రోడ్డు మీద ఏ ఇబ్బందీ లేకుండా వచ్చేది. గిద్దలూరు దాటి, దిగువమెట్ట వదలి, నల్లమల కనుమ ఎక్కనారంభించగానే ఎక్కిళ్ళు పట్టినట్లు తటపటాయించి నిలిచిపోయేది. కాసేపు ఆగి స్టార్టు చేస్తే ఏమీ ఎరుగనట్లు మళ్ళీ కదిలేది. పెద్ద రోడ్డు మీద ఒక ఊరిలోని షెడ్డులో చూపించగా కాయిల్ మార్చినారు. తరువాత ప్లగ్గులు మార్చినారు. కార్బురేటర్ విప్పి కడిగినారు, పెట్రోలు పంపు మార్చినారు. డబ్బు ఖర్చయినది గాని జబ్బు పోలేదు.

ఒకనాడు మిత్రులు తమ తల్లిగారిని కంటి ఆపరేషను నిమిత్తం నంద్యాలకు తీసుకొనిపోతూ మమ్ములను కూడ తోడు రమ్మన్నారు. అడవి మధ్య, సూర్యాస్తమయ వేళ, బండి నిలిచిపోయింది. ఈసారి ఎంతసేపు ఆగినా స్టార్టు కాలేదు. సెల్‌ఫోనుకు సిగ్నలు అందలేదు. డెబ్బది సంవత్సరాల ఆ తల్లి ఒక్కమాట కూడ అనకుండా వెనుక సీటులో కూర్చుండి జపం చేసుకొనుచుండెను. చీకటి పడిన చాలాసేపటికి ఒక లారీ డ్రైవరు దయతలచి ఆపి, తాడు కట్టి మమ్ములను గిద్దలూరుకు తిరిగి లాగుకొని వచ్చినాడు. ఆపరేషను వాయిదా పడింది.

మరునాడు మార్కాపురంలో ఒక వృద్ధ మెకానిక్కు వద్దకు బండిని చేర్చినాము. ఊరిలో అందరూ ఆయనను ఉస్తాద్ అనే పిలుస్తారు. ఆయన పనిముట్లేవీ తీయలేదు. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, రోటరును రెండు వ్రేళ్ళతో పట్టుకొని ప్రక్కకు ఊపి చూచినాడు. అది కదిలిన పంటివలె అటూ ఇటూ ఆడింది. "సార్, కాయిల్ మార్చినారు, కార్బురేటర్ విప్పినారు. దీన్ని మాత్రం ఎవరూ చేత్తో పట్టి కదిలించి చూడలేదు" అన్నాడు. తరువాత జరిగిన రెండు రోజుల పనిని మేము ప్రక్కన నిలబడి చూచి, అడిగి, కొంత చేతులతో చేసి నేర్చుకొన్నాము.

ముందుగా ఈ యంత్రం చేసే పని యేమిటో తెలియవలెను. పెట్రోలు ఇంజనులో గాలి, పెట్రోలు మిశ్రమాన్ని మండించడానికి ప్లగ్గు కొసల మధ్య నిప్పురవ్వ పుట్టవలెను. బ్యాటరీలో ఉన్నది 12 వోల్టులు మాత్రమే. నిప్పురవ్వకు వేల వోల్టులు కావలెను. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన పద్ధతి 1910 మోడల్ క్యాడిలాక్ కారులో ప్రవేశించి, తరువాత సుమారు అరువది ఏండ్లకు పైగా ప్రపంచంలోని పెట్రోలు కార్లలో అత్యధిక భాగానికి ఆధారమైనది. కాయిల్‌లో మందపు తీగతో కొద్ది చుట్లు, సన్నని తీగతో కొన్ని వేల చుట్లు ఉంటాయి. మందపు చుట్టలో నిరోధం సుమారు 3 ఓములు. కనుక 12 వోల్టుల వద్ద సుమారు 4 ఆంపియర్ల విద్యుత్తు ప్రవహించి అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. ఆ విద్యుత్తును అకస్మాత్తుగా ఆపివేస్తే క్షేత్రం కుప్పకూలి, సన్నని చుట్టలో పదివేల వోల్టులకు మించిన ఒత్తిడి పుడుతుంది. ఎంత త్వరగా ఆపితే అంత ఎక్కువ వోల్టేజీ. పాఠ్యపుస్తకంలో అభివాహం మారే రేటు అని చదివినది ఇదే.

ఆ విద్యుత్తును ఆపేది డిస్ట్రిబ్యూటర్‌లోని సి.బి. పాయింట్లు. ఇవి టంగ్‌స్టన్ ముఖాలు గల చిన్న స్విచ్చు. నడిమి ఇరుసుపై నాలుగు మూలలు గల క్యామ్ తిరుగుతూ, ఒక్కొక్క మూల వచ్చినప్పుడు పాయింట్లను విడదీస్తుంది. పుట్టిన అధిక వోల్టేజీని ఏ సిలిండరుకు పంపవలెనో నిర్ణయించేది పైన ఉన్న రోటరు. ఇంజను రెండు చుట్లు తిరిగితే డిస్ట్రిబ్యూటర్ ఒక్క చుట్టు తిరుగుతుంది. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగేటప్పుడు డిస్ట్రిబ్యూటర్ 1500 చుట్లు తిరిగి, చుట్టుకు 4 చొప్పున 6000 రవ్వలను పుట్టించవలెను. అంటే సెకనుకు నూరు. ఒక్కొక్క రవ్వకు సెకనులో నూరవ వంతు మాత్రమే వ్యవధి. అందులో మూడింట రెండు వంతుల కాలం పాయింట్లు మూసుకొని ఉంటేనే కాయిల్ నిండుతుంది.

పాయింట్ల ప్రక్కనే ఉన్న కండెన్సర్‌ను చిన్నచూపు చూడరాదు. పాయింట్లు విడిపోయే క్షణాన విద్యుత్తు వాటి మధ్య మంటగా దూకబోతుంది. దూకితే క్షేత్రం నెమ్మదిగా తగ్గి రవ్వ బలహీనమవుతుంది, పాయింట్లు కాలిపోతాయి. ఆ విద్యుత్తును తనలోకి తీసుకొని మంటను అణచేది కండెన్సర్. దీని ధారణశక్తి మైక్రోఫారడ్‌లో అయిదవ వంతు ప్రాంతంలో ఉంటుంది. పాయింట్లు నీలిరంగుకు తిరిగి, త్వరత్వరగా కాలిపోతుంటే పాయింట్లనే మళ్ళీ మళ్ళీ మార్చడం వృథా; కండెన్సర్‌ను అనుమానించవలెను.

ఇంకొక రెండు అమరికలు కలవు. వేగం పెరిగినకొద్దీ రవ్వ కొంత ముందుగా రావలెను. అందుకు పాయింట్ల పళ్ళెం క్రింద రెండు గుండ్లు, రెండు స్ప్రింగులు ఉంటాయి. తిరుగుడు పెరిగితే గుండ్లు బయటకు విచ్చుకొని క్యామ్‌ను కొద్దిగా ముందుకు త్రిప్పుతాయి. యాక్సిలరేటరు తేలికగా నొక్కి సాఫీగా పోయేటప్పుడు ఇంకా కొంత ముందు రవ్వ అవసరం. దానికి కార్బురేటరు నుండి సన్నని గొట్టం ద్వారా వచ్చే వాక్యూమ్ ఒక పొరను లాగి, పాయింట్లు ఉన్న పళ్ళెమునే జరుపుతుంది. పళ్ళెం కదిలే వస్తువు అన్న సంగతిని విద్యార్థులు గుర్తుంచుకొనవలెను. మా మిత్రుని బండి జబ్బు అక్కడనే ఉన్నది.

ఉస్తాద్ ఇంజనును నెమ్మదిగా నడవనిచ్చి, వాక్యూమ్ గొట్టాన్ని కార్బురేటరు వైపు ఊడదీసి, నోటితో పీల్చినాడు. పీల్చినప్పుడు ఇంజను వేగం కొద్దిగా పెరగవలసింది పోయి తటపటాయించింది. తరువాత ఇంజను ఆపి, డిస్ట్రిబ్యూటర్ ప్రక్కకొసకు వచ్చే కాయిల్ తీగను విడదీసి, బ్యాటరీలో ఎర్త్ కాని కొస నుండి ఒక చిన్న బల్బు ద్వారా ఆ ప్రక్కకొసకు తీగ కలిపినాడు. పాయింట్లు మూసుకొని ఉండగా బల్బు వెలిగింది. పళ్ళెమును వ్రేలితో అటూ ఇటూ జరుపగా బల్బు వెలుగుతూ ఆరుతూ వచ్చింది. ప్రక్కకొస నుండి పాయింట్లకు పోయే రెండంగుళాల తీగలో పైపొర బాగానే ఉన్నది, లోపలి రాగి పోగులు తెగినవి. పళ్ళెం కదిలినప్పుడల్లా ఆ పోగులు తాకుతూ విడిపోతూ ఉన్నవి. సమమైన రోడ్డులో కాలు ఒకే తీరుగా ఉన్నంతసేపు పళ్ళెం నిలకడగా ఉండేది. కనుమ మలుపులలో కాలు నొక్కుతూ వదులుతూ ఉంటే పళ్ళెం జరిగేది, రవ్వ పోయేది. ఆ సాయంకాలం పోగులు పూర్తిగా విడిపోయినవి. ఆ తీగ ఖరీదు ఎంత ఉండునో పాఠకులు ఊహించగలరు.

తీగతో ఆగవచ్చును గాని, ఇరుసు వదులైన సంగతి కూడ బయటపడింది కదా. అందుచేత మొత్తం విప్పడానికే నిశ్చయమైనది.

విప్పే ముందు చేయవలసినవి ఎక్కువ ముఖ్యమని మా అభిప్రాయం. బ్యాటరీ కొస తీసివేయవలెను. ప్లగ్గు తీగలకు 1, 2, 3, 4 అని చీటీలు కట్టవలెను. ఒకటవ సిలిండరు ప్లగ్గు తీసి, రంధ్రంపై బొటనవ్రేలు ఉంచి ఇంజనును చేతితో త్రిప్పితే ఒక దశలో గాలి వ్రేలిని నెట్టుతుంది. అప్పుడు క్రింది పుల్లీ మీది గాటు గుర్తుకు ఎదురుగా వచ్చువరకు త్రిప్పి ఆపవలెను. రోటరు ఏ దిక్కు చూపుచున్నదో డిస్ట్రిబ్యూటర్ అంచుపై గీత పెట్టవలెను. అంబాసిడర్‌లోని 1489 ఘన సెంటీమీటర్ల ఇంజనులో డిస్ట్రిబ్యూటర్‌ను పట్టి ఉంచే బిగింపు పట్టీ ఒకటి, ఆ పట్టీని ఇంజనుకు బిగించే రెండు స్క్రూలు వేరుగా ఉంటాయి. పట్టీ బోల్టును ముట్టకుండా ఆ రెండు స్క్రూలు మాత్రమే విప్పితే టైమింగు చెదరకుండా యంత్రం పైకి వస్తుంది. తొందరపడి బోల్టు వదులు చేసేవారే ఎక్కువ.

లోపలి వరుస ఇట్లున్నది. రోటరు, పాయింట్లు, కండెన్సర్, వాక్యూమ్ పొర కొక్కెం, పళ్ళెం తీసిన తరువాత గుండ్లు, స్ప్రింగులు కనిపిస్తాయి. రెండు స్ప్రింగులు ఒకే బలంగా ఉండవలెనని నియమం లేదు. ఏది ఎక్కడ ఉన్నదో కాగితంపై బొమ్మ గీచుకొని తీయవలెను; సాగదీయరాదు. ఇరుసు క్రిందికొసలో నడిపే నాలుక ఉన్నది. అది నడిమికి కాక కొంచెం ప్రక్కకు ఉండుటచేత ఇంజనులో ఒకే తీరుగా కూర్చుంటుంది. కాని ఆ నాలుకనే ఇరుసుపై తిరగేసి పిన్ను కొట్టితే రోటరు సగం చుట్టు తప్పిపోయి, బండి స్టార్టు కాక తల పట్టుకొనవలసి వస్తుంది. ఇక్కడ కూడ గీత పెట్టి తరువాతనే పిన్ను కొట్టవలెను. లోహపు భాగాలను కిరోసినులో కడగవచ్చును. వాక్యూమ్ పొర ఉన్న డబ్బీని ముంచరాదు. మూతను పొడిగుడ్డతో తుడవవలెను.

మా బండిలో ఇరుసు చుట్టూ ఉండే కంచు బుష్షు అండాకారంగా అరిగింది. పలకల ఊరిలో ఉన్నవారికి ధూళిని గురించి మేము చెప్పనక్కరలేదు. పలక రాతిలో క్వార్ట్జ్ రేణువులు ఉంటాయి. అవి నూనెతో కలిస్తే ఎమరీ కాగితం చేసే పని చేస్తాయి. అరుగుదల వలన కలిగే నష్టాన్ని లెక్క వేసి చూడండి. పాయింట్ల మధ్య సందు 0.35 నుండి 0.40 మిల్లీమీటర్లు ఉండవలెను. ఇరుసు 0.1 మిల్లీమీటరు ప్రక్కకు ఆడినా సందులో నాలుగవ వంతు తేడా వస్తుంది. అప్పుడు ఒక్కొక్క సిలిండరుకు రవ్వ ఒక్కొక్క సమయంలో వస్తుంది. ఎంత నిపుణుడైనా టైమింగు సరిచేయలేడు. షెడ్లలో పోస్టుకార్డు మందమో బ్లేడు మందమో చూచి సందు పెట్టే అలవాటు కలదు. ఇరుసు గట్టిగా ఉన్న రోజులలో దానితో నడిచిపోయి ఉండవచ్చును గాని, ఫీలర్ గేజి ఉండగా ఆ అలవాటును మేము సమర్థింపలేము.

కొత్త బుష్షు విషయంలో ఒక మెళకువ ఉన్నది. ఇది పోత పోసిన కంచు కాదు, లోహపు పొడిని అదిమి కాల్చి చేసినది. దానిలో కంటికి కనబడని రంధ్రాలుండి నూనెను పీల్చి దాచుకొంటాయి. బిగించే ముందు పలుచని ఇంజను నూనెలో 24 గంటలు మునిగి ఉండవలెను. తొందర ఉంటే నూనెను 100 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద 2 గంటలు ఉంచి, చల్లారిన తరువాత తీయవచ్చును. ఉస్తాద్ మాత్రం రాత్రంతా నానవేసి, మరునాడు సాయంత్రం వరకు ముట్టనివ్వలేదు. లోపలిభాగాన్ని రీమరుతో గీకితే రంధ్రాలు పూడిపోతాయి కనుక ఆ పని చేయరాదు. ఇటువంటి బుష్షు దొరకనప్పుడు లేతు మీద గన్‌మెటల్‌తో చేయించుకొనవచ్చును. అయితే అది నూనెను దాచుకోదు. తరచు నూనె వేయక తప్పదు.

ఈ సందర్భంలో ఒక మాట. షెడ్డులో మేము విన్న పదాలలో ఉస్తాద్, షాగిర్ద్, పుర్జా, పానా అన్నీ మా ఉర్దూ విభాగం మిత్రులకు సుపరిచితాలు. అసలు తెలుగువారు నిత్యం వాడే మరమ్మత్తు అన్న మాటయే ఆ దారిన వచ్చినది. మన కళాశాలలో రెండు భాషలు ఒకే ఆవరణలో ఉన్నట్లు, ఆ షెడ్డులో ఒకే వాక్యంలో ఉన్నవి.

తిరిగి బిగించేటప్పుడు నూనె ఎక్కడ వేయవలెనో, ఎక్కడ వేయరాదో తెలియవలెను. గుండ్ల ఇరుసులకు, రోటరు క్రింది స్క్రూ వద్ద రెండు మూడు చుక్కలు, పాయింట్లు ఊగే కొక్కానికి ఒక్క చుక్క, క్యామ్ మూలలకు పలుచగా గ్రీజు. పాయింట్ల ముఖాలపై నూనె తగిలితే అక్కడనే కాలి మసిబారుతుంది. పాయింట్ల పళ్ళెమును డిస్ట్రిబ్యూటర్ ఒంటికి కలిపే సన్నని ఎర్త్ తీగను కూడ మరువరాదు. అది తెగినా ఇందాక చెప్పిన జబ్బే వస్తుంది.

క్యామ్ మూల సరిగా పాయింటు మడమ క్రిందికి వచ్చినప్పుడు సందు చూడవలెను. ఒక మూల వద్ద చూచి ఊరుకొనక నాలుగు మూలల వద్దను చూడవలెను. నాలుగింటా ఒకే కొలత వస్తే ఇరుసు, క్యామ్ బాగున్నట్లు. సందు ఎక్కువైతే పాయింట్లు మూసుకొనే కాలం తగ్గి, వేగం పెరిగినప్పుడు కాయిల్ నిండదు; రవ్వ కూడ ముందుకు జరుగుతుంది. తక్కువైతే మంట లేచి పాయింట్లు కాలుతాయి, రవ్వ వెనుకబడుతుంది. కనుక సందు ముందు, టైమింగు తరువాత. ఈ వరుసను తారుమారు చేస్తే రెండు పనులూ మళ్ళీ చేయవలసిందే.

మూతలో నడిమి కార్బను ముక్క స్ప్రింగుపై స్వేచ్ఛగా ఆడుచున్నదా, కొసల మధ్య వెంట్రుకవంటి నల్లని గీత ఏదైనా ఉన్నదా చూడవలెను. ధూళి, తేమ కలిసిన చోట అధిక వోల్టేజీ దారి చేసుకొని ఆ గీతను మిగుల్చుతుంది. గీత ఉన్న మూతను తుడిచి వాడుకొనుట వృథా. రోటరుకు వేరొక పరీక్ష. కాయిల్ నుండి వచ్చే ప్రధాన తీగ కొసను రోటరు ఇత్తడి రేకుకు మూడు మిల్లీమీటర్ల ఎడంలో పట్టి, ఇగ్నిషను ఆన్ చేసి పాయింట్లను విడదీస్తే రవ్వ దూకరాదు. దూకిందంటే రోటరు లోపలి నుండి ఇరుసుకు విద్యుత్తు కారిపోతున్నదన్నమాట. ఆ తీగను ఒట్టి చేతితో పట్టరాదని వేరే చెప్పనక్కరలేదు. గుండెజబ్బు గలవారు ఈ పరీక్షకు దూరంగా ఉండవలెను.

చివరకు టైమింగు. బల్బును ఈసారి డిస్ట్రిబ్యూటర్ ప్రక్కకొసకు, ఎర్త్‌కు మధ్య కలిపి ఇగ్నిషను ఆన్ చేయవలెను. పాయింట్లు విడిపోయే క్షణాన బల్బు వెలుగుతుంది. పుల్లీ గాటు, ఆ ఇంజను పుస్తకంలో చెప్పిన డిగ్రీల వద్ద ఉండగా బల్బు సరిగా అప్పుడే వెలుగునట్లు డిస్ట్రిబ్యూటర్‌ను త్రిప్పి బిగించవలెను. డిగ్రీలు ఇంజను కంప్రెషను బట్టి మారుతాయి కనుక ఇక్కడ ఒకే అంకె ఇచ్చి విద్యార్థులను తప్పుదారి పట్టించము. ప్లగ్గు తీగల వరుస 1, 3, 4, 2. అంబాసిడర్ రోటరు పైనుండి చూచినప్పుడు గడియారపు ముళ్ళకు ఎదురు దిశలో తిరుగుతుంది. ఇతర బండ్లలో ఎటు తిరుగునో చూచుకొనక ఈ వరుస అమర్చరాదు.

ఇంత శ్రమ ఎందుకు, ఎలక్ట్రానిక్ పరికరం బిగిస్తే పోలేదా అని కొందరు అడిగినారు. పాయింట్ల బదులు అయస్కాంతంతో పనిచేసే పరికరాలు దొరుకుతున్నవి, మంచివే. కాని ఇరుసు వదులుగా ఉంటే వాటికీ స్థిరత్వం తగ్గుతుంది, గుండ్లు పట్టుకొనిపోతే అవీ ఏమీ చేయలేవు. పైగా అడవి మధ్య అది చెడితే బల్బుతో కనిపెట్టి తీగ ముక్కతో సరిచేసుకొనే వీలు లేదు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపము. అంబాసిడర్ తయారీ 2014 మే నెలలో ఉత్తరపారాలో ఆగిపోయింది. మద్రాసులో 1961లో స్థాపితమైన లూకాస్ టి.వి.ఎస్. వంటి సంస్థల నాటి డిస్ట్రిబ్యూటర్లు నేడు పాత ఇనుము కొట్లలో తూకానికి పోతున్నవి. ఒకటి రెండు కొని, మూత కోసి, బ్యాటరీ, కాయిల్‌తో బల్లపై బిగిస్తే మన ప్రయోగశాలలో ఫారడే సూత్రం కంటికి కనిపించి, చెవికి వినిపిస్తుంది. ఖర్చు స్వల్పము. ఉస్తాద్ కూడ ఒక పూట వచ్చి చూపించుటకు అంగీకరించినాడు. ఆయన వద్ద ప్రస్తుతం షాగిర్దులు ఎవరూ లేరు. ఉన్న చివరి కుర్రవాడు మోటారుసైకిళ్ళ షోరూములో పనికి కుదిరినాడు.

కొత్త పాయింట్ల మడమ మొదటి రోజులలో కొంత అరిగి సందు తగ్గుతుంది. కనుక అయిదారు వందల కిలోమీటర్లు తిరిగిన తరువాత సందును, దానితోపాటు టైమింగును తిరిగి చూడవలెను. మా మిత్రుని బండికి ఆ పని గిద్దలూరులో, ఒక వేపచెట్టు క్రింద, మేమే చేసినాము. సందు 0.33కు తగ్గి ఉన్నది, 0.38కి పెట్టినాము. అప్పటికి ఆ బండి కనుమ ఎక్కి దిగి, తల్లిగారి రెండవ కంటి ఆపరేషను కూడ ముగించుకొని వచ్చింది.